ఛాతీ కండరం తెగితే... కంగారూ వద్దు, కాలయాపనా వద్దు

జిమ్‌లో బరువులెత్తుతూ ఛాతీ కండరానికి గాయం చేసుకున్నవారు, వాళ్ల ఇంట్లోవాళ్లు పంపిన ఉత్తరాలకు ఎముకలు, కీళ్ల శస్త్రచికిత్స నిపుణుడి సమాధానాలు.

గుండెకేమైనా అయిందా?

ప్రశ్న: నా వయసు 26. మొన్న బెంచ్ ప్రెస్ చేస్తూ బార్‌ను ఛాతీ మీదికి దించుతుంటే ఎడమ వైపు టప్‌మని శబ్దం వచ్చింది. నిప్పు పెట్టినట్టు మంట, చేయి పట్టు తప్పింది. ఇప్పుడు చంక దగ్గర కమిలి నల్లబడింది. గుండెకు సంబంధించిందేమోనని రెండు రాత్రులుగా నిద్ర లేదు.
- ఒక యువకుడు, వరంగల్

జవాబు: ముందు స్థిమితపడండి, మీరు రాసిన లక్షణాలు గుండెపోటువి కావు. బరువు దించుతుండగా శబ్దం రావడం, చేయి కదిపితే నొప్పి పెరగడం, మర్నాటికి చంక, దండచేయి నల్లబడడం ఛాతీ పెద్ద కండరం తెగినప్పుడు కనిపించే గుర్తులు. ఈ కండరాన్ని దండచేయి ఎముకకు పట్టి ఉంచే గట్టి భాగాన్ని టెండన్ అంటారు, ఎక్కువగా తెగేది అదే. ప్రాణాపాయం లేదు, ఈ వారంలో ఎముకల డాక్టరుకు చూపించుకోండి. కదలకుండా కూర్చున్నా ఛాతీ బరువుగా ఉండడం, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే మాత్రం చిన్న వయసే కదా అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

నలుపు మోచేతి దాకా పాకింది

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. జిమ్‌లో ఛాతీ పట్టేసిందంటూ ఇంటికొచ్చాడు. మొదటి రోజు పైకి ఏమీ కనిపించలేదు. నాలుగో రోజుకి చంక నుంచి మోచేతి దాకా ఊదారంగు పాకింది. లోపల రక్తం ఇంకా కారుతోందేమోనని భయంగా ఉంది.
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, రంగు పాకుతోందంటే రక్తం ఇంకా కారుతోందని కాదు. మొదట్లో కారిన రక్తమే చర్మం కింద మెల్లగా దిగువకు జారుతుంది, అందుకే గాయం ఛాతీ దగ్గరున్నా నలుపు మోచేతి దగ్గర తేలుతుంది. రెండు మూడు వారాల్లో అది పచ్చగా, తర్వాత పసుపుగా మారి పోతుంది. అయితే ఇంత నలుపు ఉత్తి పట్టేసినందుకు రాదు కాబట్టి ఒకసారి పరీక్ష చేయించండి. చేయంతా బిగుసుకున్నట్టు ఉబ్బి నీలంగా మారినా, భుజం చుట్టూ సిరలు తేలినా, వేళ్లు మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాల్సి ఉంటుంది.

నొప్పి తగ్గింది, మరి ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: టెండన్ పూర్తిగా ఊడిపోయింది, కుట్టాలి అన్నారు. కానీ మూడు వారాల్లో నొప్పి దాదాపు పోయింది. చేయి పైకి లేస్తోంది, అన్నం తింటున్నాను, బండి నడుపుతున్నాను. నిజంగా అవసరమా, లేక బిల్లు కోసం చెబుతున్నారా? నా వయసు 31. మళ్లీ బరువులెత్తాలని ఉంది.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అనుమానం సహజమే, నొప్పి లేని చోట కత్తి ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. చేయి పైకెత్తేవి భుజం కండరాలు. చేతిని ఒంటి వైపు లాక్కోవడం, లోపలికి తిప్పడం, బరువును ముందుకు నెట్టడం ఛాతీ కండరం పని. పలుపుతాడు ఊడిన ఆవు గుంజ దగ్గరే నిలబడదు కదా, ఎముకను వదిలిన కండరం కూడా అంతే, రొమ్ము వైపు ముడుచుకుపోతుంది, విశ్రాంతితో తిరిగొచ్చి అతుక్కోదు. ఆపరేషన్ లేకున్నా రోజువారీ పనులు సాగుతాయి గానీ నెట్టే బలం కొంత శాశ్వతంగా తగ్గుతుంది. మీ వయసుకు, మీ కోరికకు కుట్టించుకోవడమే మేలు. సందేహం తీరకపోతే ఈ వారంలోనే ఇంకో డాక్టరును అడగండి.

స్కానింగ్‌లో భుజం బాగుందన్నారు

ప్రశ్న: జిమ్‌లో దెబ్బ తగిలాక ఎక్స్‌రే, భుజం ఎమ్మారై తీయించాను. రెండూ బాగున్నాయన్నారు. కానీ అద్దంలో చూస్తే కుడి చనుమొన కాస్త దిగినట్టుంది, చంక ముందు ఉండాల్సిన మడత కనిపించడం లేదు. నేనే ఏదో ఊహించుకుంటున్నానా?
- ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఊహ కాదు, అద్దంలో మీరు పట్టుకున్న తేడానే మేమూ మొదట వెతుకుతాం. ఎక్స్‌రేలో టెండన్ కనిపించదు, ఎముక ముక్క ఏమైనా ఊడిందా అన్నదే తెలుస్తుంది. భుజం ఎమ్మారై కీలు చుట్టూ తీస్తారు. ఛాతీ టెండన్ అతుక్కునే చోటు అంతకంటే కిందుంటుంది, కాబట్టి ఆ చిత్రాల్లోకి రాకపోవచ్చు. నమస్కారం పెట్టినట్టు రెండు అరచేతులూ ఒకదానికొకటి ఒత్తి చూడండి. ఒక వైపు మడత గట్టిపడకుండా పల్లంగా ఉంటే, ఛాతీ కండరానికే విడిగా ఎమ్మారై రాయమని మీ డాక్టరును అడగండి.

మా డాక్టరు ఇలాంటిది చూడలేదన్నారు

ప్రశ్న: మా ఊళ్లో డాక్టరుగారు మంచివారే గానీ, ఛాతీ టెండన్ తెగడం తాను చూడలేదని పట్నం వెళ్లమన్నారు. అంత వింత జబ్బా నాది? దీనికి వైద్యం ఉందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: అరుదైనదే గానీ వింతది కాదు, వైద్యమూ ఉంది. 1822లోనే పారిస్‌లో పాటిసియే అనే వైద్యుడు ఈ గాయం గురించి రాశారు, ఆ తర్వాత చాలాకాలం అడపాదడపా మాత్రమే కనిపించింది. జిమ్‌లు పెరిగి బెంచ్ ప్రెస్ అందరికీ అలవాటయ్యాక ఎక్కువగా చూస్తున్నాం, వచ్చేవారిలో దాదాపు అందరూ 20 నుంచి 40 ఏళ్ల మగవాళ్లే. చూడలేదని దాచకుండా చెప్పిన మీ డాక్టరు మీకు మేలే చేశారు. భుజం ఆపరేషన్లు, క్రీడా గాయాలు ఎక్కువగా చూసే ఎముకల నిపుణుడి దగ్గరికి వెళ్లండి.

చెల్లి పెళ్లి అయ్యాక చేయించుకోవచ్చా?

ప్రశ్న: దెబ్బ తగిలి ఆరు రోజులైంది. ఆపరేషన్ తప్పదన్నారు. ఇంకో పది రోజుల్లో చెల్లి పెళ్లి, ఇంట్లో పెద్దకొడుకుని నేనే. అప్పటిదాకా ఆగితే చేయి పనికి రాకుండా పోతుందా?
- ఒక అన్న, నిజామాబాద్

జవాబు: పోదు, చెల్లి పెళ్లి సంతోషంగా జరిపించండి. ఇది గంటల్లో పరుగెత్తాల్సిన ఆపరేషన్ కాదు, అలాగని నెలలు వదిలేసేదీ కాదు. మొదటి రెండు మూడు వారాల్లో టెండన్ తేలిగ్గా దొరుకుతుంది. ఆరు వారాల లోపు కూడా సాధారణంగా నేరుగా ఎముకకు కుట్టగలుగుతాం. పెళ్లికి ముందే పరీక్షలన్నీ ముగించి ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోండి, పెళ్లయ్యాక మళ్లీ వాయిదా వేయకండి. పందిట్లో చేయి స్లింగ్‌లోనే ఉంచండి, అది చూస్తే గ్యాస్ బండలు మోయమని మిమ్మల్ని ఎవరూ పిలవరు.

ఐదు నెలలైంది, చేయి దాటిపోయిందా?

ప్రశ్న: కువైట్‌లో డ్రైవరుగా చేస్తున్నాను. ఐదు నెలల క్రితం బెంచ్ ప్రెస్ చేస్తూ ఛాతీ దగ్గర తెగింది. సెలవు దొరక్క నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాను. రెండు నెలల్లో ఇంటికి వస్తున్నాను. ఇంక బాగయ్యే దారి లేదని తోటివాళ్లు అంటున్నారు.
- కడప జిల్లా వాసి, కువైట్

జవాబు: దారి మూసుకుపోలేదు, ధైర్యంగా రండి. ఆలస్యమైనప్పుడు కండరం కురచబడి చుట్టుపక్కలకు అతుక్కుంటుంది, అయినా చాలామందిలో దాన్ని విడదీసి ఎముక దాకా తేవచ్చు. అందకపోతే తొడ వెనక నుంచి తీసిన టెండన్‌ను గానీ, దాత నుంచి సేకరించిన టెండన్‌ను గానీ మధ్యలో అతుకుగా వేస్తారు. ఫలితం తొలి వారాల్లో చేసినంత పక్కాగా ఉండకపోవచ్చు గానీ బలం, ఆకారం ఇప్పటికంటే మెరుగవుతాయి. ఆపరేషన్ తర్వాత కనీసం మూడు నెలలు బరువు పని కుదరదు, సెలవు దానికి తగ్గట్టు అడగండి. ఇన్నాళ్లు నొప్పి మాత్రలు వేసుకున్నారు కాబట్టి రాగానే కిడ్నీ పరీక్ష కూడా చేయించుకోండి.

నాకు ఆపరేషన్ అక్కర్లేదంటున్నారు

ప్రశ్న: ఎమ్మారైలో ఛాతీ కండరం మధ్యలో పాక్షికంగా తెగిందని వచ్చింది. స్లింగ్, మందులు ఇచ్చి పంపారు. మా జిమ్‌లో ఇంకొకరికి ఇదే గాయానికి ఆపరేషన్ చేశారు. నాకు చేయకపోతే కండరం పూర్తిగా తెగిపోతుందని దిగులుగా ఉంది.
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: దిగులు వద్దు, మీకు వచ్చింది మంచి రిపోర్టే. ఈ గాయాలను బెణుకు లేదా కమిలింపు, పాక్షికంగా తెగడం, పూర్తిగా తెగడం అని మూడుగా చూస్తారు, 1980లో టీట్జెన్ అనే వైద్యుడు చేసిన ఈ విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. కండరం మధ్యలోని మెత్తటి మాంసంలో కుట్టు నిలవదు. రక్తప్రసరణ బాగుంటుంది కాబట్టి ఆ భాగం చాలావరకు దానంతటదే మానుతుంది. మీ జిమ్ మిత్రుడికి బహుశా టెండన్ ఎముక దగ్గరే ఊడి ఉంటుంది. మళ్లీ టప్‌మన్నా, చంక మడత పలచబడినా, ఆరు వారాలకూ బలం తిరిగి రాకున్నా మళ్లీ చూపించుకోండి.

ఈ వయసులో కోత తప్పదా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. షుగరుంది. మెట్ల మీద జారబోయి కమ్మీని గట్టిగా పట్టుకున్నప్పుడు ఛాతీ టెండన్ తెగింది. ఉదయం నడక, మనవళ్లతో ఆటలు తప్ప నాకు బరువు పనులేమీ లేవు.
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తప్పదని ఏమీ లేదు మాస్టారూ. మీ జీవితానికి కావాల్సిన పనులు మిగతా కండరాలు చేసిపెడతాయి, మీ వయసువాళ్లలో చాలామంది స్లింగ్, ఫిజియోథెరపీతోనే హాయిగా ఉంటారు. బరువైన తలుపు నెట్టేటప్పుడు కాస్త బలం తక్కువనిపిస్తుంది, ఛాతీ ఒక వైపు కొంచెం పల్లంగా ఉంటుంది. నొప్పి తగ్గగానే భుజం కదపడం మొదలుపెట్టండి, షుగరున్నవాళ్లకు భుజం తొందరగా బిగుసుకుంటుంది. మనవణ్ని ఎత్తుకోవడానికి మూడు నెలలు ఆగండి, ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి మాత్రం ఆగనక్కర్లేదు.

కట్టు కడితే అతుక్కోదా?

ప్రశ్న: టెండన్ ఎముక నుంచి ఊడిందని డాక్టరు చెప్పారు. మా ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టు కట్టిద్దాం, నూనె పెట్టి తోమిస్తే సర్దుకుంటుంది అంటున్నారు. వాళ్ల మాట కాదనలేకపోతున్నాను.
- ఒక యువకుడు, చిత్తూరు

జవాబు: వాళ్ల మాటలో ఉన్నది మీ మీద ప్రేమే, పుత్తూరు కట్టుకు తరాల పేరుంది కూడా. అయితే ఆ పేరు విరిగిన ఎముకల వల్ల వచ్చింది, మీకు ఎముక విరగలేదు, దాన్ని పట్టుకున్న టెండన్ ఊడింది. పైనుంచి ఏ కట్టు కట్టినా లోపల ముడుచుకున్న కండరం తన చోటికి రాదు, తాజా గాయాన్ని తోమితే రక్తస్రావం, వాపు పెరుగుతాయి. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసును పావుగంట చొప్పున పెట్టండి, స్లింగ్ వేసుకోండి. ఈసారి డాక్టరు దగ్గరికి ఆ పెద్దవాళ్లనూ తీసుకెళ్లండి, రెండు వైపులా తేడా కళ్లారా చూస్తే వాళ్లే ముందుండి నడిపిస్తారు.

గుండె దగ్గర కోస్తారా?

ప్రశ్న: మావారికి వచ్చే వారం ఛాతీ ఆపరేషన్. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు. పెళ్లయి ఏడాదే అయింది. గుండెకు, ఊపిరితిత్తులకు ఏమీ కాదు కదా?
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, పేరుకే ఛాతీ ఆపరేషన్, పక్కటెముకల లోపలికి ఎవరూ వెళ్లరు. భుజం ముందు, చంక మడతకు పైన రెండు మూడు అంగుళాల కోత పెట్టి, ముడుచుకున్న టెండన్‌ను వెతికి, గట్టి దారాలతో అల్లి, దండచేయి ఎముకకు చిన్న బటన్లతోనో యాంకర్లతోనో బిగిస్తారు. పూర్తి మత్తులో గంట, రెండు గంటల పని, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తారు. ఇన్ఫెక్షన్, లోపల రక్తం గూడు కట్టడం, నరానికి దెబ్బ, మళ్లీ ఊడడం లాంటి ఇబ్బందులు లేకపోలేదు, అవి కొద్దిమందిలోనే వస్తాయి. ఆ రోజు ముందు గుండీలున్న వదులు చొక్కా తీసుకెళ్లండి, తల మీంచి తొడిగే టీషర్టు కొన్నాళ్లు కుదరదు.

లోపల లోహం ఉంటే ప్రమాదమా?

ప్రశ్న: నా ఎముకలో మూడు బటన్లు పెట్టారట. మళ్లీ ఆపరేషన్ చేసి తీస్తారా? ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారా? ఇక ఎమ్మారై తీయకూడదని ఎవరో అన్నారు.
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అవి గింజంత ఉండే వస్తువులు, జీవితాంతం అక్కడే ఉన్నా ఏమీ కాదు, తీయాల్సిన పని సాధారణంగా రాదు. ఎక్కువగా టైటానియంతో చేస్తారు. దానితో ఎమ్మారైకి మామూలుగా అడ్డు ఉండదు, స్కానింగ్ గదిలోకి వెళ్లే ముందు ఆ సంగతి చెబితే చాలు. ఎయిర్‌పోర్టులో అంత చిన్న లోహానికి మోత రావడం అరుదు. డిశ్చార్జి కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, అందులో ఏం వేశారో రాసి ఉంటుంది.

ఇంజెక్షన్ల సంగతి చెప్పాలా?

ప్రశ్న: నా పేరు, ఊరు వేయకండి. ఏడాదిగా కండల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్నాను. ఇంట్లో తెలియదు. ఇప్పుడు టెండన్ తెగింది. డాక్టరుకు చెబితే ఆపరేషన్ చేయనంటారేమో, నాన్నకు చెబుతారేమో.

జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పేది నీకూ డాక్టరుకూ మధ్యనే ఉంటుంది, దాన్ని బట్టి వైద్యం ఆపరు. స్టెరాయిడ్లతో కండరం బలం వేగంగా పెరుగుతుంది, టెండన్ ఆ వేగాన్ని అందుకోలేదు. ఈ గాయంతో వచ్చేవారిలో ఇది తరచూ వినే మాటే. మత్తు ఇచ్చే డాక్టరుకు మాత్రం తప్పకుండా చెప్పాలి, గుండె, బీపీ, కాలేయం, రక్తం చిక్కదనం ముందే చూసుకుంటారు. ఉన్నట్టుండి మానేశాక నీరసం, దిగులు రావచ్చు, హార్మోన్ల నిపుణుణ్ని కలువు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ క్షణమే టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి.

కుట్ల దగ్గర మొద్దుబారింది

ప్రశ్న: ఆపరేషన్ అయి 12 రోజులు. కుట్లు ఆరాయి గానీ చుట్టూ చర్మం మొద్దుబారినట్టుంది, తాకితే తెలియడం లేదు. ఛాతీ ఇంకా కాస్త ఉబ్బుగానే ఉంది. నరం తెగిందా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కోత పెట్టిన చోట చర్మానికి వెళ్లే సన్నటి నరాలు కొన్ని తెగడం మామూలే, దానివల్ల చేతి బలానికి ఏమీ కాదు. ఆ మొద్దుతనం నెలల మీద తగ్గుతూ వస్తుంది, చిన్న మచ్చంత చోటు మిగిలిపోయినా హాని లేదు. ఈ సమయానికి కొద్దిగా ఉబ్బు ఉండడమూ సహజమే. జ్వరం, కుట్ల దగ్గర ఎర్రదనం పెరుగుతుండడం, చీము, వాసన, తగ్గుతున్న నొప్పి మళ్లీ ఎక్కువవడం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మోచేయి వంచలేకపోయినా, మణికట్టు ఎత్తలేకపోయినా కూడా ఆ రోజే చెప్పాలి.

స్లింగ్‌తో నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: స్లింగ్ ఆరు వారాలు వేసుకోమన్నారు. రాత్రి నిద్రలో చేయి పక్కకు పోతే కుట్లు ఊడిపోతాయని మేలుకునే ఉంటున్నాను. నిన్న గట్టిగా తుమ్మొచ్చింది, అప్పటి నుంచి ఒకటే భయం.
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తుమ్ముకూ దగ్గుకూ ఊడేంత బలహీనంగా కుట్టరు, నిశ్చింతగా ఉండండి. వెల్లకిలా పడుకుని వీపు కింద రెండు దిళ్లు, మోచేతి కింద ఒక దిండు పెట్టుకోండి, స్లింగ్ ఉంటే చేయి ఎటూ పోదు. మోచేయి, మణికట్టు, వేళ్లు మాత్రం డాక్టరు చెప్పినట్టు మొదటి రోజు నుంచే కదపాలి. మొదటి వారాల్లో వద్దనేవి మూడు: చేతిని పక్కకు చాచడం, వెనక్కి తిప్పడం, దాని మీద ఆనుకుని లేవడం. టప్‌మని శబ్దం వచ్చి, కొత్తగా నల్లబడి, మడత మళ్లీ మాయమైతేనే కుట్టు ఊడిందేమోనని అనుమానించాలి.

జాన్ సీనా నాలుగు నెలల్లో వచ్చాడుగా?

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. నాకూ రెజ్లర్ జాన్ సీనాకు తెగినట్టే ఛాతీ టెండన్ తెగింది, కుట్టారు. ఆయన నాలుగు నెలలైనా కాకముందే రింగులోకి వచ్చాడు. నన్నేమో ఆరు నెలల దాకా బెంచ్ ప్రెస్ ముట్టుకోవద్దంటున్నారు. నా కేసులో ఏదో తేడా ఉందా?
- ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: నీ కేసులో తేడా ఏమీ లేదు బాబూ, తేడా ఆయన కేసులోనే ఉంది. 2007 అక్టోబరు 1న ఆయన టెండన్ తెగింది, ఏడు నెలల నుంచి ఏడాది పడుతుందనుకున్నారు, 2008 జనవరి 27న రాయల్ రంబుల్ రెజ్లింగ్ పోటీలో దిగేసరికి అందరూ నోరు తెరిచారు. నోరు తెరిచారంటేనే అది మామూలు సంగతి కాదని అర్థం. మామూలు లెక్క ఇలా ఉంటుంది: నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్, మూడు నెలలకు చేయి పూర్తిగా కదలడం, ఆ తర్వాత తేలికపాటి బరువులు, ఆరు నెలలకు ఖాళీ బార్‌తో బెంచ్ ప్రెస్. ఆరు నుంచి పన్నెండు నెలల్లో ఎక్కువమంది తమ ఆటకు తిరిగి వెళ్తారు, నువ్వూ వెళ్తావు.

కానిస్టేబుల్ పరీక్ష దగ్గరపడింది

ప్రశ్న: కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. టెండన్ ఆపరేషన్ అయి మూడు నెలలు. పరుగు, లాంగ్ జంప్ చేయగలను. షాట్‌పుట్ కుడి చేత్తోనే విసరాలి, గాయం ఆ చేతికే. ఒక్క విసురుకే కదా అనిపిస్తోంది. ఈ నోటిఫికేషన్ పోతే మళ్లీ ఎప్పుడో.
- ఒక నిరుద్యోగి, నల్గొండ

జవాబు: మీ ఆరాటం అర్థమైంది, ఉద్యోగం విలువ తెలియక చెబుతున్న మాట కాదిది. 7.26 కిలోల గుండును ఒక్కసారిగా ముందుకు నెట్టేది ఛాతీ కండరమే, మూడు నెలల కుట్టుకు ఇది చాలా పెద్ద పరీక్ష. ఆరు నెలలు దాటి, రెండు చేతుల బలం పోల్చి చూశాకే విసరండి. ఈలోగా పరుగు మొదలుపెట్టవచ్చు, లాంగ్ జంప్‌లో చేయి మీద పడే ప్రమాదం ఉంది కాబట్టి మీ డాక్టరు సరేనన్నాకే చేయండి. నోటిఫికేషన్ మళ్లీ వస్తుంది, రెండోసారి తెగిన టెండన్‌ను సరిచేయడం మాత్రం మొదటిసారి కంటే కష్టం.

మళ్లీ తెగుతుందేమో

ప్రశ్న: ఆపరేషన్ అయి తొమ్మిది నెలలు. బలం వచ్చింది, డాక్టరు కూడా సరేనన్నారు. కానీ బార్ కింద పడుకోగానే ఆ శబ్దం గుర్తొచ్చి చేతులు వణుకుతున్నాయి. రెండో వైపు కూడా తెగుతుందేమోనని భయం.
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆ వణుకు బలహీనత కాదు, పెద్ద గాయం నుంచి బయటపడినవారిలో చాలామందికి ఉంటుంది. బాగా మానిన టెండన్ మళ్లీ తెగడం తక్కువ, తెగితే ఎక్కువగా మొదటి నెలల తొందరపాటు వల్లే. ఖాళీ బార్‌తో మొదలుపెట్టి, పక్కన నమ్మకమైన మనిషిని నిలబెట్టుకుని, వారాల మీద కొద్దికొద్దిగా పెంచండి. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు కోసం పందెం వేసుకోకండి, 8 నుంచి 12 సార్లు ఎత్తగలిగే బరువు చాలు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్లను బలహీనపరచవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది, ఎవరైనా అవి రాసేటప్పుడు మీ గాయం సంగతి చెప్పండి.

మా అమ్మాయిని మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. ఛాతీ కండరాలు తెగుతాయని ఎవరో చెప్పగా విని వాళ్లమ్మ మాన్పించమంటోంది. ఏం చేయాలి?
- ఒక తండ్రి, విజయనగరం జిల్లా

జవాబు: మాన్పించకండి, ఆ భయం మీ అమ్మాయి ఆటది కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే రెండు పద్ధతుల్లో. వాటిలో బెంచ్ ప్రెస్ లేదు, అది పవర్ లిఫ్టింగ్‌లో ఉంటుంది. ఆడపిల్లల్లో ఈ టెండన్ తెగడం చాలా అరుదు. శిక్షకుడి పర్యవేక్షణ, వయసుకు తగ్గ బరువు, కడుపునిండా తిండి, సరిపడా నిద్ర ఉన్నాయో లేదో చూడండి. రాత్రి నిద్ర లేపే నొప్పి గానీ, రెండు వారాలు దాటినా తగ్గని నొప్పి గానీ ఉంటే చూపించండి.

అమ్మను లేవదీస్తుంటే కమిలింది

ప్రశ్న: మా అమ్మకు 82 ఏళ్లు, మంచం మీదే ఉంటుంది. చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెడతాం. రెండు రోజుల క్రితం నుంచి ఛాతీ పక్క, చంక నల్లగా కమిలి ఉంది. ఎవరైనా చేయి చేసుకున్నారేమోనని పనమ్మాయి మీద అనుమానపడ్డాం.
- ఒక కూతురు, తెనాలి

జవాబు: ఎవరినీ తప్పుపట్టే ముందు ఈ సంగతి తెలుసుకోండి. మంచాన ఉన్న పెద్ద వయసు ఆడవాళ్లలో చంకల కింద పట్టి లేపేటప్పుడు ఛాతీ కండరం తెగడం వైద్యులు చూసినదే, కండరాలు పలచబడి ఉండటం వల్ల కొద్ది లాగుడే చాలు. దీనికి కోత అక్కర్లేదు, నొప్పి మందు, విశ్రాంతి సరిపోతాయి. ఇకపై నడుం దగ్గర దుప్పటి మడత వేసి ఇద్దరు కలిసి లేపండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, కమిలిన చోటు పెరుగుతున్నా, అమ్మ పాలిపోయి నీరసించినా ఆ రోజే డాక్టరును పిలవండి.

చిన్నప్పటి నుంచే ఒక వైపు పల్లం

ప్రశ్న: నా వయసు 19. కొత్తగా జిమ్‌లో చేరాను. కుడి ఛాతీ పల్లంగా ఉంది, చంక మడత లేదు, నీకు పెక్ (ఛాతీ కండరం) తెగింది అన్నాడు ట్రైనర్. నాకు నొప్పి ఎప్పుడూ లేదు. చిన్నప్పటి ఫొటోల్లోనూ అలాగే ఉంది. కుడి చేతి వేళ్లు కాస్త పొట్టి.
- ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: మీకు ఏదీ తెగలేదు, పుట్టుకతోనే ఆ కండరంలో కొంత భాగం ఏర్పడి ఉండకపోవచ్చు. దీన్ని పోలండ్ సిండ్రోమ్ అంటారు. 1841లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ పోలండ్ వివరించారు, మగవాళ్లలో, కుడి వైపు ఎక్కువ, అదే వైపు వేళ్లు పొట్టిగా ఉండడం దానికి తోడు గుర్తు. వ్యాయామం నిరభ్యంతరంగా చేయండి, లేని కండరం పెరగదు గానీ పక్క కండరాలు బలపడతాయి. ఆకారం మరీ బాధిస్తుంటే ప్లాస్టిక్ సర్జన్ దగ్గర మార్గాలున్నాయి, తొందర ఏమీ లేదు.

మా జిమ్‌లో ఇలా జరగకుండా ఏం చేయాలి?

ప్రశ్న: నేను జిమ్ ట్రైనర్‌ని. గత నెల మా దగ్గర ఒకతనికి కళ్లముందే ఛాతీ టెండన్ తెగింది. అప్పటి నుంచి ఎవరికి చెస్ట్ చేయించాలన్నా గుండె దడదడలాడుతోంది. ముందే జాగ్రత్తపడే దారి చెప్పండి.
- ఒక ట్రైనర్, విశాఖపట్నం

జవాబు: ఇలా అడిగే ట్రైనర్ ఉన్న జిమ్‌లో ప్రమాదం సగం తగ్గినట్టే. బార్ ఛాతీకి చేరువయ్యే చివరి భాగంలో, మోచేతులు ఒంటి కంటే కిందికి దిగినప్పుడు ఈ కండరం దిగువ పోగులు అన్నిటికంటే ఎక్కువ సాగుతాయి, తెగేది కూడా ఎక్కువగా అవే. కాబట్టి బార్‌ను మరీ వెడల్పుగా పట్టనివ్వకండి, మోచేతులను భుజాలకు సమంగా బార్లా చాపనివ్వకండి, ఛాతీ మీద బార్ కొట్టి ఎగరేయడం మాన్పించండి, అలసిన చివరి సెట్‌లో బరువు పెంచనివ్వకండి. ఎవరికైనా టప్‌మంటే ఆ రోజుకి వ్యాయామం ఆపించి, ఐసు పెట్టించి, చేయి స్లింగ్‌లో వేసి, వారంలోగా ఎముకల డాక్టరుకు చూపించమని చెప్పండి. 'రెండు రోజులు రెస్ట్ తీసుకో, అదే పోతుంది' అనే మాట మాత్రం ఏ జిమ్‌లోనూ, ఏ ట్రైనరూ అనకండి.